తెర మీది ఆటకత్తె

నేను తోలుబొమ్మలాటలో మేకతోలు ఆటకత్తెను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో పుట్టాను. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, పలచగా ఎండబెట్టి, నగలున్న చోటల్లా చిన్న ఉలితో చిల్లులు కొట్టారు. దేవుళ్ల బొమ్మలకు తక్కువ అతుకులు చాలు. నాకు మెడ, నడుము, చేతులు, కాళ్లు అన్నీ విడివిడిగా కోసి దారంతో ముడివేశారు. తూగుతున్న జనాన్ని లేపి కూర్చోబెట్టే పని నాది.

వానలు మొహం చాటేసిన ఏళ్లలో లేపాక్షి పల్లెల్లో విరాటపర్వం ఆడించేవాళ్లు. ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే ఘట్టం రాగానే ఆముదం దీపం ముందు నన్ను తెరకు ఆనించేవాళ్లు. కుర్రకారు ఈలలు! నిజానికి అక్కడ ఆడింది నేనేనా? నా వెదురు బద్ద పట్టుకున్నది ఆటగాడి భార్య. గజ్జెలు ఆమె కాళ్లకే ఉండేవి. చెక్కపలక మీద అడుగు దరువు ఆమెది, నా పాటా ఆమెదే. ఈలలు నాకు, తెల్లారేసరికి బొంగురుపోయిన గొంతు ఆమెకు.

అదే లేపాక్షిలో అచ్యుతదేవరాయల కాలాన విరూపన్న, వీరన్న కట్టించిన గుడి ఉంది. నాట్యమంటపం స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ మీటుతాడు. రాతి ఆటకత్తెకు దేవతలే పక్కవాద్యం. గుళ్లలో నిజంగా ఆడిన ఆడవాళ్లకు ఆ పరువు మిగల్లేదు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని 1947లో మద్రాసు చట్టం నిషేధించింది. ఆపవలసిన ఆచారమే. దానితోపాటు వాళ్లు తరతరాలుగా కాపాడిన విద్యను కూడా లోకం వెలివేసింది. అది అన్యాయం.

తర్వాత పల్లెలకూ సినిమా వచ్చింది, జాతరల్లో రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. మా రాత్రులు తగ్గిపోయాయి. ఆ డాన్సులాడే అమ్మాయిల మీద నాకు కోపం లేదు. రాత్రంతా కాళ్లు లాగేలా ఆడి బతికే కూలి వాళ్లది. ఎగబడి చూసిన ఊరే తెల్లారి వాళ్లను చులకనగా మాట్లాడుతుంది. నేను ఒప్పుకోలేనిది ఆ మాటల్నే.

2020లో మా ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. ఊరంతా పండగ. ఇప్పుడు మా ఇళ్ల ఆడవాళ్లు అదే తోలుతో చేసిన ల్యాంపుషేడ్లకు రంగులు వేస్తున్నారు. ఆ పని అన్నం పెడుతోంది, మంచిదే. కానీ తెర వెనుక అవ్వలు పాడిన ఆటకత్తె పాటలు నేర్పమని అడిగేవాళ్లే తక్కువ. రంభను చూడటానికి లేపాక్షి దాకా వస్తున్నారు కదా, నిమ్మలకుంట కూడా రండి. ఒక అవ్వ పక్కన కూర్చుని పాడమని అడగండి.