ఆరంగుళాల కత్తి

కత్తినే గానీ నా చేత వంకాయ కూడా తెగదు. ఆరంగుళాల వెడల్పున్న పలచని నీలి ఉక్కు రేకు, దానికో పిడి, పైకి లేచిన మేకును దిగ్గొట్టడానికి పిడి అడుగున లోహపు బిళ్ల, ఇదీ నా ఒళ్లు. డాలస్ దగ్గర ఒక దుకాణంలో నన్ను కొన్నాయన మెక్సికో నుంచి వచ్చిన పనివాడు. కొనగానే నా రెండు మూలల్నీ గరుకు కాగితం మీద రుద్ది గుండ్రం చేశాడు. మూల వాడిగా ఉంటే టేపు చిరుగుతుంది, తడి పూతలో గాడి పడుతుంది. ఇనుప వస్తువుకి ఇంతకన్నా మంచి బారసాల ఏముంటుంది!

ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు ఇటుకవి కావు. 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టిన కర్రలు, వాటికి అటూ ఇటూ మరలతో బిగించిన జిప్సం పలకలు. జిప్సం ముద్దను రెండు కాగితాల మధ్య పెట్టి చేసిన ఈ పలకే డ్రైవాల్. దీనికి ముత్తాతలాంటి పలకకు అగస్టిన్ శాకెట్ 1894లో పేటెంటు తీసుకున్నాడు. 1917లో షీట్‌రాక్ అనే పేరు బజారుకెక్కింది. అంతకు ముందు సన్న బద్దలు కొట్టి, వాటి మీద తడి ప్లాస్టరు మెత్తి, ఆరేదాకా రోజులకు రోజులు కాచుకునేవారు. పలకొచ్చాక గోడ లేపడం ఒక పూట పనైపోయింది. మిగిలింది అతుకులు దాచడం. మా కులవృత్తి అదే.

మా పనివాడు కాళ్లకు అల్యూమినియం పొడుగుకాళ్లు తగిలించుకుని, రేడియోలో స్పానిష్ పాటలు పెట్టుకుని, గదులన్నీ చుట్టేసేవాడు. కూలి చదరపు అడుగుల లెక్కన వస్తుంది కాబట్టి నిలబడి ఆలోచించే తీరిక లేదు. పలకల పొడుగు అంచులు ఫ్యాక్టరీలోనే కాస్త పలచబడి వస్తాయి. అలాంటి రెండు అంచులు కలిసిన చోట చిన్న పల్లం ఏర్పడుతుంది. అందులో మడ్ రాస్తాడు. పేరుకి జాయింట్ కాంపౌండ్ గానీ పనిలో అందరూ మడ్ అనే అంటారు. సున్నపురాయి పొడి, జిగురు, నీళ్లు దాని సరుకు. దాని మీద కాగితపు టేపు పరిచి, నాతో ఒత్తి, ఎక్కువైనది బయటికి లాగేస్తాడు. టేపు కింద మడ్ చాలకపోతే ఆరాక బుడగ లేస్తుంది. వదిలిందెక్కువైతే టేపు ఉబ్బెత్తుగా నిలుస్తుంది.

పలకల పొట్టి అంచులకు ఆ పల్లం ఉండదు. అక్కడ టేపూ మడ్డూ కలిసి గోడ మట్టం దాటి పైకి రావలసిందే, చేసేవాడు ఎంత మొనగాడైనా. ఆ ఉబ్బును తీసేయడం కుదరదు కాబట్టి సాగదీస్తారు. నా తర్వాత పదంగుళాల కత్తి, ఆ తర్వాత పన్నెండంగుళాలది. ప్రతి పూతా ముందుదానికన్నా వెడల్పు, ముందుదానికన్నా పలచన. అటూ ఇటూ రెండడుగులు పాకాక ఆ మెరక కంటికి దొరకదు. మీరు చెయ్యి రాసి మెచ్చుకునే గోడ చదునుగా ఉందనుకోకండి. నీడ పడనంత నెమ్మదిగా ఎత్తు పెరిగి, అంతే నెమ్మదిగా తగ్గుతుంది. ఇది తెలియనివాళ్లు ఉబ్బును అరగదీయబోయి, టేపు దాకా అరగదీసి, మళ్లీ మొదటికొస్తారు. గరుకు కాగితం ఎంత తక్కువ అరిగితే కత్తి పట్టినవాడు అంత గట్టివాడని నా లెక్క.

డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ఒక కొత్త ఇంటి గ్యారేజీలో, నీళ్ల హీటరు వెనక, అతను నన్ను మరిచిపోయాడు. గ్యారేజీ గోడలకు సోకులు చెయ్యరు. ఒక పూత, ఒక టేపు, అంతే. అయినా ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడను తక్కువగా చూడకండి. జిప్సం బరువులో దాదాపు అయిదో వంతు దానిలో బిగిసి ఉన్న నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతుంది. అదంతా పోయేదాకా పలక వెనకవైపు వేడి సుమారు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కారు తగలబడితే ఇంట్లోవాళ్లు బయటపడేందుకు దొరికే సమయం అదే. టేపు లేని అతుకు ఉందా, మంట అందులోంచే దూరుతుంది.

ఆ ఇల్లు కొన్నది కర్నూలు జిల్లావాళ్లు. మనవడు తలుపును విసురుగా తోస్తే దాని గుండ్రటి పిడి తగిలి గోడలో చిల్లి పడింది. సెలవులకు వచ్చి ఉన్న పెద్దాయన రాలిన ముక్కను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఏమిరా ఇది, జిప్సం గదా! మనం శెనక్కాయ చేనుకు వేసేది."

"అదే నాయినా. ఇక్కడ గోడలకు వేస్తారు."

నన్ను హీటరు వెనక నుంచి వెతికి తీసింది ఆయనే. కొడుకు చిల్లిని చతురస్రంగా కోశాడు. వేరే పలకలోంచి అంతకన్నా అన్ని వైపులా రెండంగుళాలు పెద్ద ముక్క తీసుకుని, వెనక కాగితాన్నీ జిప్సాన్నీ చుట్టూ ఒలిచేసి, ముందు కాగితాన్ని మాత్రం రెక్కల్లా వదిలాడు. చిల్లి చుట్టూ మడ్ రాసి ముక్కను అందులో కూర్చోబెట్టి, రెక్కల మీద నన్ను లాగాడు. ఆ కాగితమే టేపు. కర్ర ఆసరా అక్కర్లేదు, మర అక్కర్లేదు. ఇంత తెలివైన మరమ్మతు నా బతుకులో ఇంకోటి చూడలేదు.

ఒక్క దెబ్బకు మందంగా మెత్తేద్దామని పెద్దాయన తొందర. బకెట్లో కలిపి వచ్చే మడ్ నీరు ఆరేకొద్దీ కుంగుతుంది, మందంగా పెడితే పగులుతుంది. అందుకే పలచని మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య దాదాపు ఒక రోజు. పొడిగా వచ్చే రకం వేరు. నీళ్లు కలిపాక సంచి మీద వేసిన 20, 45, 90 నిమిషాల లెక్కన బిగుస్తుంది, పెద్దగా కుంగదు. బిగిశాక మాత్రం అరగదీయడం నరకం. గీకేటప్పుడు కొడుకు ముక్కుకు మాస్కు కట్టాడు. 1970ల దాకా ఈ మడ్‌లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు, అమెరికా 1977లో దాన్ని నిషేధించింది. పాత ఇల్లయితే పరీక్ష చేయించకుండా గోడ గీకకూడదు.

చివర టార్చిలైటును గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టి, దొరికిన గీతలన్నీ సరిచేశాడు. ప్రైమరు వేశాడు, లేకపోతే మడ్ రంగును ఒకలా, కాగితం ఒకలా పీల్చి అతుకు బయటపడుతుంది. ఆ తర్వాత చేసింది నాకు మింగుడుపడలేదు. నునుపు చేసిన చోట డబ్బాతో నారింజతొక్క బొడిపెలు చిమ్మాడు! చుట్టూ గోడ అలా ఉందట. బిల్డర్లు పని లోపాలు కప్పిపుచ్చుకోవడానికి ఈ బొడిపెల్ని వాడుకుంటారు, జనం దాన్ని అందమంటారు.

ఇక పడకగది తలుపు పైన గోడలో ఏటవాలుగా పాకిన పగులు. దానికి నేను చాలను. డాలస్ చుట్టుపక్కల నేల ఒకప్పటి పత్తి నేల, తడిస్తే ఉబ్బి ఎండితే నోరు తెరిచే నల్ల బంకమన్ను. పెద్దాయన పెరట్లో బెత్తెడు మన్ను తవ్వి చూసి, "ఇది మన రేగడే" అన్నాడు. ఎండాకాలం పునాది ఒక పక్క కుంగితే గోడ తలుపు మూలలో చీలుతుంది. ఆగస్టులో నోరు తెరిచినప్పుడు నింపితే, వానలకు నేల ఉబ్బి పగులు మూసుకున్నప్పుడు టేపు ముడత పడుతుంది. అందుకే ఇక్కడివాళ్లు ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతారు.

కొడుకు బకెట్టు మూత తీయబోతే పెద్దాయన ఆపాడు. "ఇప్పుడొద్దురా. నేల తడిసి నిలబడనీ, అప్పుడు చూద్దాం." పైపు సంగతి తానే తీసుకున్నాడు. పొద్దున ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్క, చేనుకు తడి పెట్టినట్టే.

"మామయ్యా, ఇంక చాలు, నీళ్ల బిల్లు వాచిపోతుంది" అని కోడలు కిటికీలోంచి అరుస్తూనే ఉంది.