అమ్మకానికి ముందు అభ్యంగనం

మా అపార్ట్‌మెంట్‌లో 302 గారు చేపలకు మేత వేయగా చూసినవాళ్లు లేరు. ఆ చేపల ఫిల్టర్ని ఆయన కడుగుతుండగా మాత్రం అయిదంతస్తులవాళ్లూ చూశారు. ఆ కార్యక్రమం ఇంట్లో పెట్టుకుంటే బాత్రూమ్ ఏ గతి పడుతుందో ముందే ఊహించిన ఆయన భార్య టబ్బు, బకెట్టు, పీట చేతికిచ్చి ఆయన్ని మేడ మీదికి సాగనంపింది.

ఇలాంటివాళ్లు ప్రతి కాలనీలోనూ ఒకరైనా ఉంటారు. వస్తువు తమ దగ్గరున్నంతకాలం దాని వంక చూడరు. అమ్మేద్దామన్న ఆలోచన పుట్టిన పూటే దానిమీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. 302 గారి స్కూటర్ మొదటిసారి పాలిష్ ఎరిగింది కొన్నవాడు వచ్చే రోజు పొద్దున. ఇంటిల్లిపాదీ రెండు వేసవులు మొత్తుకున్నా మారని కూలర్ గడ్డి, కూలర్ని బేరం పెట్టిన మర్నాడే మారింది. ఆ ఏడు చల్లగాలి తిన్నది ఎవరో బోడుప్పల్ వాళ్లు.

చేపలు ఆయన ఇంటికి వచ్చింది వాస్తు దారిన. ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని, అందులో బంగారు రంగు గోల్డ్‌ఫిష్ ఎనిమిది, నల్లది ఒకటి ఉంటే మరీ మంచిదని, ఇంటి దిష్టంతా నల్లది తీసుకుంటుందని ఎవరో చెప్పారు. (ఈ ఎనిమిదీ ఒకటీ లెక్క చైనావాళ్ల ఫెంగ్‌షుయీది. మనవాళ్లు పెద్దమనసుతో వాస్తులో కలిపేసుకున్నారు.) నల్లది దిష్టి తీసుకుంది, పోయింది. ఆయన సంతోషించారు. తర్వాత మిగతా ఎనిమిదీ వరసగా అదే దారి పట్టాయి. గోల్డ్‌ఫిష్ తిండిపోతులు, తిన్నదంతా నీళ్లలోకే వదులుతాయి. రెండడుగుల తొట్టిలో తొమ్మిదింటిని పెడితే ఏ ఫిల్టరైనా దణ్ణం పెట్టాల్సిందే. దిష్టి అంత గట్టిదో, ఫిల్టర్ అంత మురికిదో తేలకుండానే తొట్టి మంచం కిందికి, ఫిల్టర్ అటక మీదికి వెళ్లిపోయాయి.

ఇక మేడ మీది సంగతి. డబ్బా మూత క్లిప్పులు విప్పగానే ముందు వాసన బయటికొచ్చింది. ఆరేసిన వడియాలు చూసుకుంటున్న 401 అమ్మగారు వడియాలతో సహా కిందికి దిగిపోయారు. స్పాంజి ఒకప్పుడు నీలం రంగుదట. పింగాణీ రింగులు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. నీళ్లు తోడే చిన్న ఫ్యాను, అదే ఇంపెల్లర్, దాని చుట్టూ వెంట్రుకలు, ఒక నత్తగుల్ల. ‘మోటార్ పోయింది’ అని ఆయన ఏడాదిపాటు చెప్పిన జబ్బుకు కారణం ఆ గుల్లేనని అప్పుడు తెలిసింది.

మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఎక్కడ ఆరితే అక్కడ తెల్లగా గార కడుతుంది. దానికి వెనిగర్ మందు. ఆయన సీసాలకు సీసాలు తెప్పించి నానబెట్టారు. గార బుసబుస పొంగుతుంటే పిల్లల్ని పిలిచి చూపించారు. ఇంపెల్లర్ గూట్లోకి చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలు, గొట్టాల్లోకి పొడుగాటి బ్రష్, సందుల్లోకి ఎవరిదో టూత్‌బ్రష్ వెళ్లాయి. మూత రబ్బరుకు కొబ్బరినూనె రాయబోయి, నూనెకు రబ్బరు ఉబ్బుతుందని ప్లంబర్ చెబితే సిలికాన్ గ్రీజు ట్యూబు కొనుక్కొచ్చారు. ఆ ఊపులో వెనిగర్ టబ్బులోకే బ్లీచింగ్ పౌడర్ ఎత్తారు. పక్క బిల్డింగ్ మేడ మీదినుంచి కెమిస్ట్రీ లెక్చరర్ గారు అరిచారు: “అయ్యా, ఆ రెండూ కలపకండి! క్లోరిన్ వస్తుంది, ఊపిరాడదు!” చెంచా గాల్లోనే ఆగింది. వెనిగర్ పారబోసి, బాగా కడిగి, మర్నాడు విడిగా బ్లీచింగ్ నీళ్లు పట్టించి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లలో ముంచి తీశారు. ఆ ఫిల్టర్ పుట్టినప్పటినుంచీ దానిమీద పెట్టని ఖర్చు ఆ రెండు రోజుల్లో పెట్టారు.

తెల్ల పంచె పరిచి, పక్కన క్రోటన్ కుండీ పెట్టి ఫొటోలు తీశారు. ‘ఆరు నెలలే వాడింది. సింగిల్ ఓనర్. ఊరు మారుతున్నందున అమ్మబడును.’ స్కూటర్ అమ్మినప్పుడూ ఆయన ఊరు మారుతూనే ఉన్నారు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఫోన్ లైటు వేసి డబ్బా లోపలంతా చూశాడు. రింగు ఒకటి తీసి వాసన చూశాడు. మొహం వాడిపోయింది.

“మొత్తం కడిగేశారా అంకుల్? నేను బ్యాక్టీరియా కోసం వచ్చాను.”

కుర్రాడు విషయం తెలిసినవాడు. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రింగుల మీదే కాపురం పెడుతుంది. కొత్త తొట్టిలో అది కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. నడుస్తున్న ఫిల్టర్ రింగులు దొరికితే ఆ నిరీక్షణ చాలావరకు తప్పుతుంది. కానీ అటక మీద ఏడాది ఎండిన రింగుల్లో అది ఎలాగూ మిగలదు. పైగా చేపలు చచ్చిన తొట్టి ఫిల్టర్ని అలా కడగడమే సబబు. 302 గారు సరైన పనే చేశారు, ఆ సంగతి ఆయనకు తెలియదంతే. తెలిసుంటే మాట అలా తడుముకునేవారు కాదు.

“ఎక్కడికి పోతుంది బాబూ, లోపలే ఉంది. కంటికి కనిపించదు కదా!”

కుర్రాడు నవ్వి, బకెట్లో నీళ్లు పట్టించి స్విచ్ వేశాడు. కాసేపు గరగరమని, గాలి బయటికి పోయాక చప్పుడు లేకుండా నడిచింది. బేరం మొదలైంది. ఆయన రేటుకు పైన వెనిగర్, గ్రీజు, దూదిపుల్లలు కలిపి చెప్పారు. కుర్రాడు దూదిపుల్లలు కొట్టేయించాడు. డబ్బులిచ్చి, గొట్టాలు చుట్టుకుంటూ అన్నాడు:

“అంకుల్, ఇంత బాగా కడిగినవాళ్లని నేనెక్కడా చూళ్లేదు. మా ఇంట్లో ఇంకో రెండు ఫిల్టర్లున్నాయి. డబ్బులిస్తాను, నెలకోసారి కడిగిపెడతారా?”

302 గారు గడ్డం నిమురుకుంటూ ఆలోచించారు.

“అవి అమ్మేవేనా?”