డొల్ల గద బరువు

నేను దుర్యోధనుడి గదను. తెనాలిలో పుట్టాను. పిడి కర్రది, తల కాగితపు గుజ్జుది, పైన బంగారు రంగు కాగితం. లోపలంతా డొల్ల. రంగస్థలం మీద గద తేలిగ్గానే ఉండాలి. దాని బరువు పట్టుకున్నవాడి భుజంలో, నడకలో, ఊపిరిలో కనబడాలి. మాధవపెద్ది వెంకట్రామయ్య గారు దుర్యోధనుడిగా పేరు తెచ్చుకున్న ఊరు కనుక, ఈ సంగతి అక్కడ మేకప్ పెట్టెలు మోసేవాళ్లకు కూడా తెలుసు.

కొన్నేళ్లు పద్యనాటకాల్లో తిరిగాను. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు తెల్లవార్లూ సాగే రోజులు తగ్గాక ట్రంకుపెట్టెలో పడి ఉన్నాను. ఓ తెలుగు మాస్టారు అక్కణ్ణుంచి నన్ను తీసుకెళ్లారు. ఆదివారాలు బడి వరండాలో ఆయన పిల్లలకు ఏకపాత్రాభినయం నేర్పేవారు. నా అసలు జీవితం అక్కడే మొదలైంది.

అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందికి గొంతు ఉంది, అది బయటికి రాదు. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ పెదవి దాటదు. పాఠం అప్పజెప్పమంటే బల్ల అంచు గీకుతూ నిలబడతారు. ఎందుకురా భయం అంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: “నవ్వుతారు మాస్టారూ.”

అలాంటివాళ్లకు మాస్టారు ముందుగా దుర్యోధనుడి మయసభ ఘట్టం ఇచ్చేవారు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సినిమాలో కొండవీటి వెంకటకవి గారి మాటలు ఎన్టీఆర్ నోట విన్నప్పటి నుంచి బడి వార్షికోత్సవాల్లో ఆ ఘట్టానికి ఎదురులేదు. చాలామంది దాన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పే పరీక్షగా చూస్తారు. ఆ ఒత్తులు, సమాసాలు నాలుకకు మంచి సాధనే, కాదనను. మాస్టారు చూసింది వేరు. మయసభలో దుర్యోధనుడికి ఏం జరిగింది? నేలనుకుని అడుగేసి నీళ్లలో పడ్డాడు. చూసినవాళ్లు నవ్వారు. అంతటి రారాజు ఆ నవ్వును మోయలేక రగిలిపోతున్నాడు. “నిన్ను చూసి ఎవరైనా నవ్వినప్పుడు నీకెక్కడ మండిందిరా? అక్కణ్ణుంచి చెప్పు” అనేవారు మాస్టారు. నా పిడి మీద పిల్లాడి వేళ్లు బిగుసుకునేవి. నవ్వుకు జడిసే పిల్లాడు నవ్వులపాలైన రారాజును ఇట్టే పట్టుకుంటాడు. తనదని చెప్పుకోలేని బాధను వేషం చాటున నలుగురిలో గట్టిగా చెప్పేస్తాడు. ఏకపాత్రలో ఉన్న మందు అదేనని నా నమ్మకం.

ఇక సాధన. వేదిక మీద మనిషి ఒక్కడే, కథలో మాత్రం సభంతా ఉంది. నవ్వు ఏ వైపు నుంచి వినబడిందో ముందే ఒక చోటు అనుకోవాలి, చూపు తడబడకుండా అక్కడికే పోవాలి. ఊపిరి పొట్ట నిండా తీసుకోవాలి, భుజాలు లేవకూడదు. అరవకుండానే చివరి వరుసకు వినబడాలి. ఎవరైనా ఎన్టీఆర్ గొంతు అనుకరిస్తే మాస్టారు ఆపేసేవారు. “అది ఆయనది. నీది తే.” అర్థం చెప్పకుండా సమాసాలు బట్టీ పట్టించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముందు వరుసలో కూర్చుని పెదవులు కదుపుతూ, బిడ్డ చూపంతా తమవైపు లాక్కునే అమ్మానాన్నలను చూసినా అంతే.

పక్క ఊరి నుంచి వచ్చే ఆరో తరగతి పాప ఒకతె ద్రౌపది వద్దు, దుర్యోధనుడే కావాలంది. వాళ్లమ్మ తటపటాయించింది. “స్థానం నరసింహారావు గారు సత్యభామ వెయ్యగా లేనిది, మన పిల్ల రారాజు వేస్తే ఏమమ్మా?” అన్నారు మాస్టారు. తెనాలి చుట్టుపక్కల అంతకు మించి చెప్పే పని లేదు. మొదట్లో ఆ పిల్ల నన్ను పూచికపుల్లలా ఎత్తేసేది. మాస్టారు ఇంటి నుంచి రోకలి తెప్పించి, దాన్ని భుజాన పెట్టి వరండా పొడుగునా నడిపించారు. ఆ తర్వాత నన్ను ఎత్తుకున్నా రోకలి బరువు ఆమె నడుములో, అడుగులో ఉండిపోయింది.

బహుమతి రాగానే చాలాచోట్ల శిక్షణ ముగుస్తుంది. మీసం తుడిచేశాక పిల్ల మళ్లీ పాత భయంలోకి పోతే జరిగింది సగం పనే. మాస్టారు అప్పుడే నన్ను బీరువాలో పెట్టేవారు. వేషం లేదు, రాసిచ్చిన మాటలు లేవు. మీ ఊరి గురించి చెప్పమ్మా అన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ పిల్ల గౌను అంచు నలిపేది. “కాగితం వద్దు. ఏం చూశావు, ఏమనిపించింది, ఏం కావాలి, ఇవి చాలు” అనేవారు. మిగతా పిల్లలకూ ఒక నియమం పెట్టారు: విన్నాక తలా ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న వెతుక్కునే పనిలో పడ్డవాళ్లకు నవ్వే తీరిక ఉండేది కాదు.

ఆ పిల్లను ఉపన్యాస పోటీకి పంపిన రోజునే ఏకపాత్ర పోటీ కూడా ఉండటంతో నేనూ వెళ్లాను. మైకు పెద్దవాళ్ల ఎత్తులో ఉంది. ఆ పిల్ల దాన్ని ఓసారి చూసి, న్యాయనిర్ణేతల వైపు తిరిగింది. “సార్, మైకు కాస్త దించండి. నాకందట్లేదు” అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల అటు చూసి, మైకు దించేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత మాట్లాడింది. సాయంత్రం బడి వదిలాక తమ ఊరికి బస్సు లేదని, చీకటి పడుతుందని కొందరు అక్కలు హైస్కూలు మానేశారని చెప్పింది. ఐదు గంటలకు ఒక బస్సు వెయ్యమని వేదిక మీదున్న పెద్దలను అడిగింది.