ప్రకటనలో రైతు

విత్తనాల ప్రకటనలో కనిపించే రైతు వేరే జాతి. పంచెకు మట్టి అంటదు, తలపాగా మడత నలగదు. పత్తికాయను చేతిలోకి తీసుకుంటాడు గానీ దాన్ని చూడడు, కెమెరాను చూసి నవ్వుతాడు. కౌలు, మిత్తి, ఎరువుల దుకాణంలో ఖాతా ఈ జాతికి సోకని తెగుళ్లు. గులాబి పురుగుకు పురుగుమందు ప్రకటనలోనే వేషం; విత్తన ప్రకటనలోకి దాన్ని రానివ్వరు.

ఇతడు చెల్కలో పుట్టినవాడు కాదు. జూనియర్ ఆర్టిస్టులకు ఆటపట్టయిన హైదరాబాద్ కృష్ణానగర్ ఇతడి సొంతూరు అనుకోవచ్చు. కోఆర్డినేటర్ మీసం చూసి ఎంపిక చేస్తాడు. నిజంగానే ఎండకు కమిలిన మొహం దొరికితే మేకప్‌మన్ సరిచేస్తాడు. కొమ్మకు కాయలు చాలకపోతే దారంతో కట్టడానికి ఆర్ట్ విభాగం ఉండనే ఉంది. లైట్ల వేడికి కరగకుండా ఐస్‌క్రీమ్ బదులు ఆలుగడ్డ ముద్ద పెట్టడం, గ్లాసులో ప్లాస్టిక్ ఐసు ముక్కలు వేయడం ఈ రంగంలో పాత అలవాట్లే. ముంబైలో తీసిన ప్రకటనైతే రైతు పెదవులు హిందీ, గొంతు తెలుగు. దవడలు లాగేదాకా నవ్విన ఆర్టిస్టు, కమిషన్ పోను మిగిలిన కూలీతో ఇల్లు చేరతాడు.

దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976లో మొదలయ్యాయి. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక తెలుగిళ్లలో వాటికి కొదవ లేదు. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 10 నిమిషాలు ప్రకటనలకు, 2 నిమిషాలు చానల్ సొంత డబ్బాకు. ఈ నియమాన్ని చానళ్లు ఎంత నిష్ఠగా పాటిస్తాయో సీరియల్ చూసే వారికి చెప్పనక్కర్లేదు. కోడలి కాఫీలో అత్త ఏదో కలపబోతుండగా బ్రేక్ వస్తుంది. దేవరుప్పుల అనే ఊళ్లో సీరియల్ చూసే ఇంటావిడ కూర దించి, బర్రెకు కుడితి పెట్టి వచ్చినా అత్త చేతిలో చెంచా అలాగే ఉంటుంది. మధ్యలో ఖాళీ మంచానికి ఎదురుగా ప్రకటన రైతు నవ్వి వెళ్లిపోతాడు.

అయినా నవ్వు వృథా పోదు. మృగశిర కార్తెకు దుకాణంలో పత్తి విత్తనాల ప్యాకెట్ మీద అదే మొహం ఎదురవుతుంది. ప్రకటన ఖర్చు ప్యాకెట్ ధరలోనే కలుస్తుంది కనుక, ఆ నవ్వుకు కూలీ ఇచ్చేది కొనే రైతే. ఆ ప్యాకెట్లలో అమ్మే బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2004 వానాకాలంలో, దేవరుప్పుల అప్పట్లో ఉన్న వరంగల్ జిల్లాలో పంట దెబ్బతింది. 2005లో మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. ప్రకటన రైతు చేను మాత్రం ఆ ఏడూ విరగకాసింది.

తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించిన ప్రముఖులకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మొదటిసారికి 10 లక్షల వరకు జరిమానా పెట్టింది. తాము ముందే విచారించుకున్నామని చూపగలిగితే మినహాయింపు. కంపెనీలకు ఇంకా చవకైన రక్షణ ఉంది. దిగుబడి నేల, వాతావరణం, యాజమాన్యాన్ని బట్టి మారవచ్చని తెర అడుగున చీమతలకాయంత అక్షరాలు వేస్తారు. కళ్లద్దాలు వెతుక్కునేలోగా అవి మాయమవుతాయి. కాపు రాని చేనుకు కంపెనీ మనిషి వచ్చినప్పుడు మాత్రం, అదే వాక్యాన్ని తాపీగా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెబుతాడు.