టర్బోను మోసినదాన్ని

బండి బాగా గుంజితే టర్బో గొప్పంటారు, గుంజకపోతే టర్బో పోయిందంటారు. ఆ టర్బోను ఇన్నేళ్లూ మోసిన మానిఫోల్డ్‌ను నేను. పోత ఇనుముతో పుట్టాను. నాకు ఒక పక్క నాలుగు నోళ్లు, అవి ఇంజిన్ హెడ్డుకు ఆనుకొని ఉంటాయి. రెండో పక్క ఒకటే నోరు, దానికి టర్బో. నాలుగు సిలిండర్లు వదిలే పొగ నా లోపల ఒక్కటై వెళ్లి దాని చక్రాన్ని తిప్పాలి. నిండా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పొగ వేడి 600, 700 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు ఉబ్బుతాను, ఆగాక ముడుచుకుంటాను. నన్ను హెడ్డుకు కట్టి ఉంచిన స్టడ్లూ నట్లూ నాతోపాటే ఉబ్బి, ముడుచుకొని, జంగు పట్టి చివరికి ఒకదాన్నొకటి వదలనంటాయి. మమ్మల్ని విప్పడంలో ఉన్న కష్టమంతా అక్కడే.

వృథాగా పోయే పొగతోనే ఇంజిన్‌లోకి గాలిని దట్టించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూహి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఊహ ఓడల్లోకి, లారీల్లోకి వచ్చి, 1970ల చివర్లో డీజిల్ కార్లకూ చేరింది. ఒక షాఫ్టు, రెండు కొసలకు రెండు చక్రాలు. పొగ ఒక చక్రాన్ని తిప్పితే రెండోది గాలిని నొక్కి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటే ఆ షాఫ్టు తేలేది సన్నని నూనె పొర మీద. ఆ పొర కాస్సేపు తెగినా షాఫ్టు బేరింగులను రాసుకుంటుంది.

మేముండే పాత డీజిల్ కారుది ఎల్లారెడ్డి. లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డి పోయి రావడమే దాని బతుకు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా అయ్యాక కాయితాల పనికైనా, బెల్లం మార్కెట్టుకైనా అందరి దారీ అటే. 2025 ఆగస్టు చివర్లో పడ్డ వానకు ఈ పట్టున రోడ్లూ కల్వర్టులూ కోసుకుపోయాయి. నీళ్లు తీశాక తెగినచోట మట్టి పోసి దారులు చేశారు. ఆ మట్టి ఎండి దుమ్మై లేచింది. వెనకే వరికోతలు, రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, వాటి పొట్టు. అదంతా పీల్చి గాలి ఫిల్టర్ మూసుకుపోయింది. ఓనరు దాన్ని మార్చలేదు, నూనె మార్చే గడువూ దాటించాడు. పైగా కామారెడ్డి నుంచి వేగంగా వచ్చి, ఇంటి ముందు ఆగీ ఆగగానే తాళం తిప్పేసేవాడు. ఇంజిన్ ఆగితే నూనె ప్రవాహం ఆగుతుంది, నా వేడి మాత్రం ఆగదు. అది నేరుగా టర్బో బేరింగుల్లోకి పాకి, అక్కడ నిలిచిన నూనెను మాడ్చి బొగ్గు చేస్తుంది. నా పక్కదాన్ని నా వేడే చంపుతుంటే చూస్తూ ఉండిపోయాను.

టర్బో ఈల కీచుగా మారింది. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చింది. ఎత్తు మీద బండి ఈడ్చుకుంటూ నడిచింది.

కామారెడ్డిలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్న అన్నకొడుకును ఓనరు పిలిపించాడు. పిల్లవాడు వచ్చిన సాయంత్రం ఏమీ విప్పలేదు. "ఇంజన్ సల్లారాలె కాకా, పొద్దుగాల ఇప్పుదం" అని ప్రతి నట్టు మొదట్లో జంగు వదిలే నూనె కొట్టి పడుకున్నాడు. తెల్లవారి మళ్లీ కొట్టాడు. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీశాడు. గాలి గొట్టం, నా మీద కప్పిన వేడి రేకు, రాగి వాషర్ల మధ్య బిగిసిన నూనె పైపు బోల్టు, కింద నూనె దిగే పైపు, సైలెన్సర్ గొట్టం, అన్నీ విప్పాడు. తెరుచుకున్న ప్రతి నోటినీ శుభ్రమైన గుడ్డతో మూశాడు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. ఒక్క వాషర్ లోపల పడినా కొత్త టర్బో చక్రం తునకలైపోతుంది.

టర్బోను నా నుంచి అక్కడే విడదీయడానికి పానా తిరిగే జాగా లేదు. అందుకని ఇద్దరినీ కలిపే దించాలనుకున్నాడు. నట్టు గట్టిగా ఉంది.

"పానాకు పైపు తొడుగు బిడ్డా, ఒక్క గుంజుకు వస్తది."

"వద్దు కాకా. స్టడ్డు హెడ్డుల ఇరిగితే మనతోని కాదు."

పైపు తొడిగి గుంజే చేతులంటే నాకు భయం, కోపం కూడా. విరిగిన స్టడ్డును డ్రిల్లు వేసి తీయాలి, డ్రిల్లు పక్కకు పోతే హెడ్డే పాడవుతుంది. పిల్లవాడు ఆరు మూలలూ పట్టే సాకెట్టు తొడిగి, మొదట బిగించే వైపు రవ్వంత తిప్పాడు. జంగు టక్కుమంది. అప్పుడు వదిలే వైపు తిప్పాడు. పావు చుట్టు వదలగానే మళ్లీ వెనక్కి, మళ్లీ నూనె. ఒకచోట నట్టుతోపాటు స్టడ్డే వచ్చేసింది, దాని వల్ల నష్టమేమీ లేదు, కొత్తది వేస్తే సరి. ఆఖరి నట్టు తీసే ముందు కాకను కింద చెయ్యి పెట్టమన్నాడు. మా ఇద్దరి బరువు మామూలుది కాదు.

వాకిట్లో గోనెసంచి మీద మమ్మల్ని పెట్టి చూశాడు. గాలి చక్రం రెక్కల అంచులు దుమ్ముకు అరిగాయి. షాఫ్టు అటూ ఇటూ ఆడుతోంది. నూనె పైపులోంచి చూస్తే వెలుతురు సగమే వచ్చింది, మిగతా సగం బొగ్గు. కొత్త టర్బో వేసి ఇదే పైపు మళ్లీ బిగించేవాళ్లున్నారు, ఆ టర్బో కూడా దాహంతోనే పోతుంది. పిల్లవాడు పైపు పక్కన పడేశాడు. టర్బో కోర్ మాత్రం ఇంట్లో ముట్టుకోలేదు. ఆ వేగంలో తిరిగే చక్రాలకు బ్యాలెన్స్ మిషన్ మీద చూసి సరిచేసే పని ఉంటుందని హైదరాబాద్ పంపాడు. నా ముఖం మీద స్కేలు ఆనించి వంకర చూశాడు, తడిమి పగుళ్లు వెతికాడు. లేవు.

టర్బో తిరిగొచ్చాక కొత్త ప్యాకింగ్, కొత్త నట్లు, కొత్త పైపు, కొత్త ఫిల్టర్ వేశాడు. నట్లను నడుమ నుంచి చివరలకు కొద్దికొద్దిగా బిగించాడు. టర్బో నూనె రంధ్రంలో స్వచ్ఛమైన నూనె పోసి, డీజిల్ అందకుండా చేసి, ఇంజిన్‌ను సెల్ఫు మీద తిప్పాడు. నూనె పైదాకా ఎక్కాకే స్టార్ట్ చేశాడు.

"కామారెడ్డి కెళ్లి రాంగనే బంద్ చెయ్యకు కాకా. జర సేపు ఉత్తగ నడవనియ్యి" అన్నాడు.

మొదటిసారి కామారెడ్డి పోయి వచ్చాక ఓనరు ఇంటి ముందు బండిని కాసేపు అట్లాగే నడవనిచ్చి ఆపాడు. మర్నాడు నేను పూర్తిగా చల్లారాక పిల్లవాడు మళ్లీ పానా పట్టాడు. కొత్త ప్యాకింగ్ అణిగింది, చివరి నట్లు రెండూ ఇంకొంచెం తిరిగాయి.