బాబాయిగారి సైకియాట్రీ

మన ఇళ్లలో డిప్రెషన్‌కి వైద్యం చేయడానికి డిగ్రీ అక్కర్లేదు. వయసు యాభై దాటి, చేతిలో కాఫీ గ్లాసు ఉంటే చాలు. పేషెంటు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. బాబాయిగారు హాల్లో సోఫాలోంచే తేల్చేస్తారు: "తిన్నది అరక్క! మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి?"

మందుల చీటీ కూడా సిద్ధమే. కుర్రాడైతే ఫోన్ లాక్కోవాలి. పెళ్లికాని పిల్లయితే ఓ అయ్య చేతిలో పెట్టాలి. పెళ్లయిందా, ఓ నలుసు పుడితే సర్దుకుంటుంది. నలుసు పుట్టాక కూడా ఏడుస్తుంటే ఎండుమిరపకాయలతో దిష్టి తీయాలి. కాన్పయ్యాక వచ్చే డిప్రెషన్ ఒకటుందని మిరపకాయలకేం తెలుసు పాపం!

ఇదే బాబాయిగారికి మోకాలు కలుక్కుమంటే ఎక్స్‌రే, ఎమ్మారై, ఇద్దరు స్పెషలిస్టులు. "మా తాతలకు మోకాళ్లు లేవా?" అని ఎవరూ అనరు.

ఏడుస్తూ కూర్చుంటేనే డిప్రెషన్ అని ఆయన లెక్క. కానీ అది చాలాసార్లు బద్ధకంలా, చిరాకులా, ఏ పరీక్షలోనూ దొరకని ఒళ్లునొప్పుల్లా వస్తుంది. ప్రాణంలా చూసే క్రికెట్ మ్యాచ్ పెట్టినా పేషెంటు తలెత్తడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. అన్నం సయించదు, లేదా అదే పనిగా తింటాడు. స్నానానికి లేవడమే పెద్ద పని. "నా వల్ల అందరికీ బరువే" అంటాడు. ఇలాంటివి రెండు వారాలు దాటి రోజూ ఉంటే, పని, చదువు దెబ్బతింటుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. థైరాయిడ్ తేడా కూడా ఇలాగే కనిపించొచ్చు గనుక డాక్టరు అదీ చూస్తాడు. బాబాయి చూడడు.

"ఆ మాత్రలు అలవాటైపోతాయి" అన్నది ఆఖరి అస్త్రం. అంటున్నది పదేళ్లుగా బీపీ మాత్ర మింగుతున్న నోరే. డిప్రెషన్ మందులు వ్యసనమయ్యేవి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు, అంతే. 2015-16లో మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందలేదని తేలింది. బాబాయిల ప్రాక్టీసు అంత బాగా సాగుతోందన్నమాట!

చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే మాత్రం వేళాకోళం వద్దు, రేపటికి వాయిదా వద్దు. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాబాయిగారి నంబరు పక్కనే దాన్నీ సేవ్ చేసుకోండి.