సెల్లుకి మారు వడ్డన

మా అత్తయ్యగారి బీపీ మిషనులో సెల్లులు అయిపోయాయి. వేసేవి నాలుగు పెన్సిల్ సెల్లులు. "వీధి చివర కొట్లో 80 రూపాయలిస్తే వస్తాయండీ" అంది మా ఆవిడ. విని నవ్వాను. ఆ నవ్వు ఖరీదు 4,800 రూపాయలు.

కోఠీ గుజరాతీ గల్లీలో నాలాంటివాడికి దొరకనిది నిగ్రహం ఒక్కటే. చార్జింగ్ సెల్లులు నాలుగు తీసుకున్నాను. వాటికి తగిన బుల్లి చార్జరు పక్కనే ఉంది కానీ, నా కంటికి ఆనలేదు. 30 వోల్టులు, 5 ఆంపియర్లు ఇచ్చే బెంచ్ పవర్ సప్లై కొన్నాను. ఆటోలో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

"ఎంతసేపు పడుతుంది?" అంది ఆవిడ.

"ఇవి 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లులు. నిదానంగా 200 మిల్లీ ఆంపియర్లు పంపితే పద్నాలుగు, పదహారు గంటలు."

"అందాకా అమ్మ బీపీ ఆగుతుందా?"

పౌరుషం వచ్చింది. కరెంటు నాబు తిప్పి 1 ఆంపియరు దగ్గర పెట్టాను. వోల్టేజీ 5.80. ఎర్ర క్లిప్పు ప్లస్సుకి, నల్ల క్లిప్పు మైనస్సుకి. అక్కడి దాకా తప్పేమీ లేదు. తప్పంతా బుర్రలో ఉంది.

లిథియం సెల్లుకి 4.2 వోల్టులు కట్టి కూర్చుంటే, నిండేకొద్దీ కరెంటు దానంతటదే తగ్గుతుంది. మర్యాద తెలిసిన అతిథి. నేను తెచ్చినవి నికెల్ మెటల్ హైడ్రైడ్. వీటి తీరు వేరు. కడుపు నిండగానే విస్తరి ముందు వెనక్కి వాలినట్టు, వీటి వోల్టేజీ రవ్వంత కిందికి జారుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. అసలైన చార్జరు ఆ జారుడు కనిపెట్టి చేయి కడిగేస్తుంది. వోల్టేజీ బిగించి కూర్చున్న నా సప్లైకి అది ఖాళీ విస్తరిలా కనిపిస్తుంది. ఇంకాస్త కరెంటు వడ్డిస్తుంది. వడ్డించేకొద్దీ వేడి, వేడెక్కేకొద్దీ వోల్టేజీ ఇంకా కిందికి, దాంతో మళ్లీ వడ్డన. మా పెదనాన్నగారింట పెళ్లి భోజనం గుర్తొచ్చింది, కాకపోతే అంతా అయ్యాక, మర్నాడు.

భోజనానికి లేచేటప్పుడు కరెంటు 0.42 చూపిస్తోంది. "చూశావా, తగ్గుతోంది" అని ఆవిడకి చూపించి మరీ వెళ్లాను. గోంగూర పచ్చడితో ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను. తిరిగొచ్చేసరికి 0.91. నా కళ్లముందే 0.92 అయింది. సెల్లు మీద వేలు పెట్టి, వెంటనే నోట్లో పెట్టుకున్నాను. సెల్లులు పెట్టిన ప్లాస్టిక్ హోల్డరు ఒక పక్కకి ఒరిగిపోయింది.

స్విచ్ కట్టేశాను. అంకెలు ఆరలేదు. మసకగా వెలుగుతూనే ఉన్నాయి. గోడలోంచి ప్లగ్గు పీకినా అంతే! దెయ్యం పట్టిందనుకున్నాను. విషయం ఏమిటంటే, సప్లై ఆగితే సెల్లులే దానికి తిరిగి వడ్డించడం మొదలుపెట్టాయి. మధ్యలో పావలా పాటి డయోడు ఒకటి పెడితే ఈ ఎదురు మర్యాద జరగదు. డయోడుల డబ్బా నా దగ్గరుంది. అటక మీద.

"మా రోజుల్లో రేడియో సెల్లులు ఎండలో పెట్టేవాళ్లం బాబూ" అన్నారు అత్తయ్యగారు, ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేకుండా. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పొద్దున్నే ఆవిడ కొట్టుకెళ్లి 80 రూపాయలకి సెల్లులు తెచ్చింది. అత్తయ్యగారి బీపీ బాగానే ఉంది. నాది చూస్తానన్నారు, పని ఉందని తప్పించుకున్నాను.

డయోడు అతికించి మళ్లీ ప్రయత్నిద్దామని నిన్న వైర్ల కోసం వెతికితే కనిపించలేదు. వంటింట్లో దొరికాయి. ఎర్ర క్లిప్పు జీలకర్ర పాకెట్టుకి, నల్ల క్లిప్పు ఆవాల పాకెట్టుకి.

"గాలి చొరకుండా భలే పట్టుకుంటున్నాయండీ" అంది ఆవిడ.